గడియారం బల్ల

గత గురువారం సాయంత్రం ఆరు గంటల నలభై ఒక్క నిమిషానికి నేనూ మా అమ్మాయీ అల్ సద్ మెట్రో స్టేషన్‌లో రైలు దిగాం. మేము ప్లాట్‌ఫామ్ మీద నాలుగడుగులు వేశామో లేదో, ఎస్కలేటర్ మీద నుంచి పరుగున వచ్చిన ఒక ఆఫీసు ఉద్యోగి మా పక్కగా దూసుకుపోయాడు. తలుపుకు ఆయన రెండు మీటర్ల దూరంలో ఉండగా హెచ్చరిక మోగింది. జానెడు దూరంలో ఉండగా తలుపు మూసుకుంది. ఆయన అరచేయి అద్దానికి ఆనింది. "హాఫ్ సెకండ్, యార్!" అని ఆ అద్దంతోనే చెప్పి, నవ్వి, వెనక్కి తగ్గాడు. ఆ అర సెకను సంగతి నాకు బాగా తెలుసు. ఈ గల్ఫ్ నగరంలో మెట్రో ఇంకా మట్టీ కాంక్రీటూ కాగితాలూగా ఉన్న రోజుల్లో, అటువంటి తలుపులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు ఆగి మూసుకోవాలో పరీక్షించిన ఇంజనీర్లలో నేనొకదాన్ని. కాని ఆ సాయంత్రం నన్ను కొయ్యలా నిలబెట్టింది తలుపు కాదు. మూసుకున్న ఆ తలుపును చూస్తూ, నా వైపు తిరగకుండా, మా అమ్మాయి అన్న ఒక మాట. దానికి ముందు జరిగినది చెబితేగాని ఆ మాట విలువ తెలియదు.

ప్రపంచకప్పుకు ఇంకా నాలుగేళ్ళకు కొంచెం తక్కువ వ్యవధి ఉన్న చలికాలం అది. ఊరంతా ఫుట్‌బాల్ కోసం తవ్వుకుంటున్నది. అల్ హిలాల్‌లోని మా ఫ్లాటు నుంచి అల్ ఘర్రాఫాలోని ఆట హాలుకు దూరం పద్నాలుగు కిలోమీటర్లు. అయితే ఉదయం ఉన్న దారి సాయంత్రానికి ఉండేది కాదు, ఎర్రతెల్ల ప్లాస్టిక్ దిమ్మెలు రాత్రికి రాత్రే కొత్త వంపు తిరిగేవి. ఊరు ఊరంతా కాలితో ఆడే బంతి కోసం ఎదురుచూస్తుంటే మా ఇంట్లో మాత్రం చేతితో ఆడే బంతి పిచ్చి. మా అమ్మాయి అప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం. ఆమె చదివే చిన్న కాలేజీకి అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు ఒకటి ఉండేది. అందులో మొత్తం ఏడుగురు. మూడేళ్ళు బెంచీ మీద కూర్చున్న మా అమ్మాయి, మిగతావారు పట్టాలు పుచ్చుకుని వెళ్ళిపోవడం వల్ల, నాలుగో ఏట కెప్టెన్ అయింది. ఎత్తు నూట యాభై ఎనిమిది సెంటీమీటర్లు.

ఆమె ఆటలో ఒక లోపం ఉండేది, దాని మూలం మా వారి గుంటూరు బుద్ధి. అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు ఆయన బంతి కొనడానికి వెళ్ళారు. ఆడపిల్లలు ఆడేది ఆరో సైజు. దుకాణంలో ఆరో సైజుకూ ఏడో సైజుకూ ధర ఒకటే. ఒకే ధరకు పెద్దది వస్తుంటే చిన్నది కొనేవాడు అకౌంటెంటు ఎలా అవుతాడు? ఏడో సైజు ఇంటికి వచ్చింది. ఆ బంతి ఒంటి చేత్తో లేవక, పిల్ల దాన్ని గుండెల దగ్గరకు తెచ్చుకుని, మోకాళ్ళు వంచి, రెండు అరచేతులతో పైకి తోయడం నేర్చుకుంది. పెద్దయ్యాక సరైన బంతి దొరికినా ఆ అలవాటు పోలేదు. గురి తప్పేది కాదు, ఆలస్యమయ్యేది. "ఆ బంతికి జోల పాడుతున్నావా?" అని వాళ్ళ కోచ్ అరిచేదని మా అమ్మాయే నవ్వుతూ చెప్పేది.

లీగ్‌లో ఆరు కాలేజీలు. సీజన్ ముగిసేసరికి మా వాళ్ళది ఆరో స్థానం. ఈ పోటీల్లో ఉన్న వింత ఏమిటంటే, సీజన్ అయిపోయాక మూడు రోజుల నాకౌట్ టోర్నమెంటు పెడతారు. అందులో పాత పాయింట్లన్నీ చెరిగిపోయి అందరూ సున్నా నుంచి మొదలుపెడతారు. కప్పు దానికే. గెలిచిన జట్టుకు మస్కట్‌లో జరిగే పెద్ద పోటీకి ప్రయాణం కూడా. మా అమ్మాయి విమానమెక్కి ఆడటానికి వెళ్ళగల ఆఖరి అవకాశం అది. మొదటి రోజు వాళ్ళు మూడో స్థానం జట్టును ఓడించారు. మేము పొరపాటు అనుకున్నాం. రెండో రోజు రెండో స్థానం జట్టును ఓడించారు. మా వారు ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, "ఇది ఎలా సాధ్యం?" అని రెండుసార్లు అడిగారు, సంతోషంతో కాదు, లెక్క తప్పిన మనిషిలా. మూడో రోజు ఫైనల్, ఏడాదంతా ఒక్క ఆట కూడా ఓడిపోని జట్టుతో.

అమ్మాయిల ఆటకు మగవాళ్ళకు ప్రవేశం లేదు. తలుపు దగ్గర నల్ల యూనిఫాం వేసుకున్న గార్డు అమ్మ అందరి ఫోన్లూ తీసుకుని, గుడ్డ సంచుల్లో వేసి, టోకెన్ ఇచ్చేది. లోపల ఫోటో లేదు, వీడియో లేదు. రిఫరీలూ ఆడవాళ్ళే, గడియారం నడిపేదీ ఆడమనిషే కావాలి. మా వారూ, జట్టు బస్సు నడిపే జగిత్యాల డ్రైవరన్నా పార్కింగ్‌లో కరక్ చాయ్ కప్పులు పట్టుకుని నిలబడ్డారు. నేనూ, అప్పుడు మా దగ్గర ఉంటున్న మా అత్తగారూ లోపలికి వెళ్ళాం.

ఆట మొదలవడానికి పావుగంట ముందు నిర్వాహకురాలు మైకులో వచ్చి, గడియారం చూసుకునే ఆమె ఏదో మళ్ళింపు దారిలో ఇరుక్కుపోయిందని, ప్రేక్షకుల్లో ఎవరైనా ఆ పని చేయగలరా అని ఇంగ్లీషులో అడిగింది. ఎవరూ లేవలేదు. అప్పుడు కోర్టు మధ్య నుంచి ఒక చేయి లేచింది. మా అమ్మాయిది. ఆ చేయి నేరుగా నా వైపు చూపించింది. "మా అమ్మ చేస్తుంది. ఆవిడ ఉద్యోగమే అది!" హాలంతా నా వైపు తిరిగింది. నేను నిర్ఘాంతపోయాను. అవతలి జట్టు కోచ్ ఒప్పుకోదనుకున్నాను; ఆమె భుజాలెగరేసి, "ఇంజనీరా? మంచిదే" అంది. అలా నేను కోర్టు అంచున ఉన్న బల్ల దగ్గర, ఎడమ పక్క స్కోరు రాసే ఫిలిప్పీన్స్ టీచర్, కుడి పక్క దాడికి ఇచ్చే ఇరవై నాలుగు సెకన్లు చూసే సూడాన్ విద్యార్థిని, మధ్యలో గడియారం పెట్టె మీద చేయి వేసుకుని కూర్చున్నాను. ఆ హాలులో బుట్ట వెనక బోర్డు చుట్టూ వెలగవలసిన ఎర్రదీపాలు ఇంకా బిగించలేదు. కాలం అయిపోయిందని చెప్పేది నా పెట్టె నుంచి వచ్చే మోత ఒక్కటే; ఆ మోతకు ముందే బంతి చేయి విడిస్తేనే బుట్ట చెల్లుతుంది.

ఆట గురించి ఎక్కువ చెప్పలేను; గడియారం నడిపేవాళ్ళు ఆట చూడరు, విజిల్‌నూ బంతినీ చూస్తారు. నాకు తెలిసిందల్లా, ఇరవై పాయింట్ల తేడాతో ఓడిపోతారనుకున్న మా వాళ్ళు ఓడిపోవడం లేదని. చివరి నిమిషానికి ప్రేక్షకులంతా మా వైపు తిరిగిపోయారు. అరబ్ తల్లులు నాలుక ఆడిస్తూ ఊళలు పెడుతున్నారు. మా అత్తగారు లేచి నిలబడి, నియమాలు ఏవీ తెలియకుండానే, "వెయ్యండమ్మా, వెయ్యండి! దాని మొహం, అంత పొడుగుంటే మాత్రం ఏమిటి?" అని తెలుగులో అరుస్తున్నారు. నలభై ఆరు, నలభై ఏడు. ఒక పాయింటు వెనుక ఉన్నాం. నాలుగు పాయింట్ ఎనిమిది సెకన్లు మిగిలాయి. బంతి మాది.

గీత బయటి నుంచి వచ్చిన బంతి మా అమ్మాయి చేతికి తగలగానే నేను మీట నొక్కాను. ఆమె ఎడమకు రెండు అడుగులు వేసింది. ఎదురుగా అవతలి జట్టు పొడుగమ్మాయి చేతులు చాపింది. మా అమ్మాయి ఆగింది. బంతిని గుండెల దగ్గరకు తెచ్చుకుంది. మోకాళ్ళు వంచింది. నా వేళ్ళ కింద పెట్టె అదిరింది. ఆ కేకల్లో మోత ఎవరికీ వినిపించలేదు; బల్ల చెక్కలో నుంచి నా మోచేతులకు వినిపించింది. ఆ క్షణాన నా కళ్ళు బంతి మీదే ఉన్నాయి. బంతి మీద పది వేళ్ళు ఉన్నాయి. ఆ తరువాత అది లేచింది, ఇనుప చక్రాన్ని కూడా తాకకుండా వలలో పడింది.

హాలు కూలిపోతుందనుకున్నాను. ఆరుగురు అమ్మాయిలు మా అమ్మాయిని గాలిలోకి ఎత్తేశారు. ఒక రిఫరీ బుట్ట కింద తోపులాట చూస్తున్నది. ట్యునీసియా నుంచి వచ్చిన పెద్ద రిఫరీకి పొడుగమ్మాయి వీపు అడ్డం వచ్చింది. ఇద్దరూ మాట్లాడుకుని బల్ల దగ్గరకు వచ్చారు. స్కోరు టీచర్ తల వంచి రాసుకుంటున్నది. సూడాన్ అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకున్నది. పెద్ద రిఫరీ నా వైపు వంగింది.

"మోగినప్పుడు బంతి చేతిలో ఉందా, గాలిలో ఉందా?"

"చేతిలో ఉంది."

నా గొంతు నాకు వినిపించాకగాని నేనేమన్నానో నాకు తెలియలేదు.

"నువ్వు ఆ పిల్ల తల్లివి కదూ?"

"అవును."

"ఖాయమేనా?"

"ఖాయమే."

ఆమె నిటారుగా నిలబడి రెండు చేతులూ గాలిలో అడ్డంగా ఊపింది. బుట్ట చెల్లదు. ఊళలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మా అమ్మాయి ఇంకా ఎవరి భుజాల మీదనో ఉంది. అక్కడి నుంచే బల్ల వైపు చూసింది. కోచ్ ఆమెను కిందికి లాగి, "నువ్వు కెప్టెన్‌వి, అభ్యంతరం చెప్పు! చెప్పు!" అని భుజాలు కుదిపింది. "వద్దు కోచ్" అని మా అమ్మాయి సంచి తీసుకుని వెళ్ళిపోయింది. కన్నతల్లిని నలుగురిలో అబద్ధాలకోరు అనలేక ఊరుకున్నదని నేను అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

బయట ఇంకొక విపత్తు సిద్ధంగా ఉంది. గోడ దాటి వచ్చిన కేకలు విని డ్రైవరన్న మా వారితో తర్కించాడట: "మనోళ్ళే గెలిచిండ్రు సార్! పెద్ద టీమోళ్ళు గెలిస్తే గంత సంబురం ఎందుకుంటది? రోజూ గెలిచేటోళ్ళే కదా!" తర్కంలో దోషం లేదు. మా వారు అప్పటికే గుంటూరుకు ఫోన్ చేశారు. ఫ్యామిలీ గ్రూపులో 'గెలిచాం' అని పెట్టారు. మా చినమామగారు కొబ్బరికాయ కొట్టించారు. మేము తలుపు బయటికి రాగానే డ్రైవరన్న ఎదురొచ్చి, "యల్లా మేడం, కప్పు ఏది?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. "కప్పు మాఫీ?" అని 'లేదా' అనే ఇక్కడి అరబ్బీ మాటలో అడిగాడు, చేతిలోని చాయ్ ఒలికిపోతున్నా చూసుకోకుండా. మా వారు ఫోన్‌లో మోగుతున్న శుభాకాంక్షలు ఆపలేక దాన్ని జేబులో పెట్టుకున్నారు. ఆ తరువాత అందరికీ దిద్దుబాటు సందేశం పంపారు గాని, చినమామగారి శాఖకు అది చేరినట్టు లేదు. వారి చరిత్రలో ఆ కప్పు ఇప్పటికీ మాదే.

ఆ పద్నాలుగు కిలోమీటర్లూ మా వారే కారు నడిపారు. ముందు సీట్లో అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కొత్త స్టేడియం క్రేన్ల దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. ఇంటి మలుపు దగ్గర మా అత్తగారు, నా పక్కనే కూర్చుని, నన్ను చూడకుండా అన్నారు: "ఏమ్మా కోడలా, తొమ్మిది నెలలు మోశావే. అర సెకను మొయ్యలేకపోయావా?"

"అమ్మా, ఊరుకో" అన్నారు మా వారు. ఆ నెలంతా మా ఇంట్లో చట్నీలో ఉప్పు గురించీ, గీజరు స్విచ్చి గురించీ తప్ప నాతో అమ్మాయి మాట్లాడలేదు. ఆ తరువాత మామూలుగా మాట్లాడింది. పట్టా వచ్చింది, అల్ సద్‌లో ఉద్యోగం వచ్చింది, ప్రపంచకప్పు వచ్చి వెళ్ళిపోయింది, ఎర్రతెల్ల దిమ్మెలు తొలగి దారులు నిలకడగా కుదురుకున్నాయి. ఆ ఆట గురించి ఆమె ఎత్తలేదు, నేను ఎత్తలేదు.

గత గురువారం, మూసుకున్న రైలు తలుపును చూస్తూ ఆమె అన్న మాట ఇది: "ఆ రోజు బంతి నా చేతిలోనే ఉందమ్మా."

ఎస్కలేటర్ సగం ఎక్కాక అడిగాను. "ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"అప్పుడే తెలుసు. నా వేళ్ళే కదా."

"మరి నెల రోజులు నాతో..."

"నువ్వు నిజం చెప్పినందుకు కాదమ్మా." ఆమె ఒక మెట్టు పైన ఉంది, నాకంటే ఎత్తుగా కనబడింది. "వాళ్ళ భుజాల మీద నుంచి నిన్నే చూస్తున్నాను. రిఫరీ అడిగింది, నువ్వు చెప్పేశావు. నా కోసం అర సెకనైనా ఆగుతావేమోనని చూశాను. ఆగి, తరువాత అదే మాట చెప్పినా సరిపోయేది."

తలుపు మూసే ముందు మనుషుల కోసం ఎంతసేపు ఆగాలో కొలిచి చెప్పడం నా వృత్తి. ఆ కొలతలకు ఈ నగరంలో రోజూ వేల మంది తమ భుజాలనూ సంచులనూ అప్పగిస్తారు. పైన వీధిలోకి వచ్చాక ఆమె నా చేతిలోని కూరగాయల సంచి తీసుకుంది. ఇద్దరం నడిచాం.

కాలం ఎన్నేళ్ళు గడిచినా ఆ సాయంత్రం లెక్క మారదు. స్కోరు, నలభై ఆరు, నలభై ఏడు. కప్పు రాలేదు. మస్కట్ ప్రయాణం జరగలేదు. గుంటూరులో ఒక కొబ్బరికాయ వృథా. ఏడో సైజు బంతి గాలి పోయి బాల్కనీలో ఉంది. అమ్మాయి మళ్ళీ కోర్టులో అడుగు పెట్టలేదు. ఇంట్లో పోయిన మాటలు, ఒక నెల. నేను ఆగని కాలం, అర సెకను.