రిమార్కుల గడి

ఆ విశ్వవిద్యాలయంలో భూమికి జ్వరం చూసే ఉద్యోగం ఒకటుంది. మూడేళ్లుగా ఆ పని చేస్తున్న అమ్మాయిని అందరూ థర్మామీటరమ్మ అంటారు. రోజూ ఉదయం ఏడింటికి విద్యార్థుల హాస్టలు వెనకున్న బోరు మూత తీసి, కొసన సెన్సరు కట్టిన తీగను అరవై మీటర్ల లోతు దాకా దింపుతుంది. ప్రతి అయిదు మీటర్లకూ ఆగి, మీటరులో అంకె నిలకడగా నిలిచేదాకా చూసి, రిజిస్టరులో రాస్తుంది. వానొచ్చినా మానదు. ఆమె కాన్పుకి వెళ్లిన నెలల్లో ఆ పని ఇంకొకతనికి అప్పగించారు. తిరిగొచ్చి రిజిస్టరు తెరిస్తే, అతను రాసిన అంకెలన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగిశాయి. కుర్చీలోంచి లేవకుండా రాశాడని ఆమెకి అర్థమైపోయింది. ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. ఆ పేజీ మూల పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంది.

ఇంట్లోనూ అదే యావ. పది నెలల కూతురు రెండుసార్లు తుమ్మితే చాలు, థర్మామీటరు బయటికొస్తుంది. మూడుసార్లు చూసి సగటు తీస్తుంది. ఫ్రిజ్ తలుపు మీద ఓ కాగితం అంటించింది. తేదీ, వేళ, అంకె, చివర రిమార్కుల గడి. అందులో "పన్ను వస్తోంది", "అప్పుడే ఏడ్చింది", "దుప్పటి తీశాక" లాంటివి రాసి ఉంటాయి.

"చేత్తో తాకితే తెలీదూ, పిల్ల ఒళ్లు కాలేదీ లేనిదీ?" అంటుంది అత్తగారు.

"తెలుస్తుంది అత్తయ్యా. కానీ డాక్టరుగారు అడిగితే మీ చెయ్యి చూపించలేం కదా."

"నీ కాగితం చూసి ఆయన నవ్వుతాడు. నా చెయ్యి చూసి ఎవరూ నవ్వలేదు," అని ఆవిడ పిల్లను ఎత్తుకుని వెళ్లిపోతుంది.

ఆ బోరు మామూలు బోరు కాదు. చుట్టుపక్కల భూమి కన్నా అది నాలుగు డిగ్రీలు వెచ్చన. ఆ నాలుగు డిగ్రీల మీదే ప్రొఫెసరుగారి పేరంతా నిలబడి ఉంది. భూమి లోపలి వేడితో కరెంటు తీయొచ్చని ఆయన పదకొండు పరిశోధనా పత్రాలు రాశారు, అందుకే కాంపస్‌లో అందరికీ ఆయన వేడి సారు. బోరుకి హాస్టలు వెనక స్థలాన్నే ఎందుకు ఎంచుకున్నారో ఆ పత్రాల్లో మూడు పేజీల వివరణ ఉంటుంది. అసలు సంగతి, డ్రిల్లింగు లారీ తిరగడానికి చోటు అక్కడే దొరికింది.

ప్రాజెక్టు ఈ నెలాఖరుతో ముగుస్తుంది, దాంతో పాటే థర్మామీటరమ్మ కాంట్రాక్టూ. ఇంకో అయిదేళ్లు పొడిగించాలా వద్దా అన్నది, భూతాప శక్తి మీద జరిగే రెండు రోజుల వర్క్‌షాపుకి వచ్చి, నిధులిచ్చే సంస్థ అధికారి తేలుస్తాడు.

అన్నీ సవ్యంగానే ఉన్నాయి, ఒక్క ఏడు రోజులు తప్ప. పోయిన నెలలో వరసగా ఏడు రోజులు బోరు మూడు డిగ్రీలు చల్లబడి, మళ్లీ ఎప్పటిలాగే వెచ్చబడింది.

"నీ పరికరం పాడైంది," అన్నారు వేడి సారు గ్రాఫు చూసి.

"లేదు సార్. మంచుముక్కల నీళ్లలో పెట్టి చూశాను. సరిగ్గా సున్నా చూపించింది."

"అయితే ఆ మంచులో ఏదో తేడా ఉంది," అని ఆయన ఆ ఏడు చుక్కల మీద బూడిదరంగు పట్టీ వేసి, కింద 'పరికర దోషం' అని టైపు చేయించారు. పరికరం దోషమంటే పట్టుకున్న చేతి దోషమే కదా. ఆమె రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

వర్క్‌షాపు రోజు రానే వచ్చింది. హాల్లో ఏసీని అదుపు చేసే అతను సెలవులో ఉన్నాడు. భూమి లోపల ఎంత వేడి దాగి ఉందో చెప్పడానికి వచ్చిన పండితులు శాలువాలు కప్పుకుని, మఫ్లర్లు చుట్టుకుని కూర్చున్నారు. ప్రారంభోపన్యాసాలు గంటన్నర సాగాయి, కాబట్టి అసలు ప్రసంగాలకు తలా పది నిమిషాలు మిగిలాయి. ప్రశ్న అడుగుతానని మైకు పుచ్చుకున్న ఒకాయన తన జీవితవిశేషాలు చెప్పి కూర్చున్నాడు.

కాఫీ వేళకి ప్లంబరు కనిపించాడు. హాలు పక్క బాత్‌రూములో కుళాయి బిగించడానికి వచ్చి, పనిలో పనిగా ఓ కప్పు కాఫీ పుచ్చుకున్నాడు. పదవీ విరమణకి దగ్గరపడ్డ మనిషి. ఆమెకి బాబాయి వరస కలిపాడు.

"ఏమ్మాయ్, భూమి ఒళ్లు వెచ్చగానే ఉందా?"

"ఉంది బాబాయ్. పోయిన నెల ఏడు రోజులే దిగిపోయింది. నా మీటరు చెడిందని రాశారు."

"ఎప్పుడు? హాస్టలుకి రంగులేసినప్పుడా?"

ఆమె చేతిలో కప్పు ఆగిపోయింది. "అవును. నీకెలా తెలుసు?"

"ఎలా ఏముంది, అప్పుడు బాయిలరు ఆపేశాం. హాస్టలు వేణ్నీళ్ల పైపు మీ బోరు పక్కనుంచే పోతుంది. పైపు మలుపు తిరిగే ఎల్బో దగ్గర నాలుగేళ్లుగా కారుతోంది. నీళ్లు పైకి రావు, మీ బోరు గొట్టం పట్టుకుని తిన్నగా కిందికి దిగుతాయి. బాయిలరు లేకపోతే వేడేదీ?"

"మరి బాగుచెయ్యలేదేం?"

"మూడుసార్లు రాసిచ్చాను. పరిశోధన జరిగే చోట పలుగు పెట్టకూడదని వెనక్కొచ్చింది. సంతకం మీ సారుదే." కాఫీ ఊదుకుని అడిగాడు. "ఇంతకీ నువ్వు చూసేది ఎన్నింటికి?"

"ఏడింటికి."

"స్నానాల వేళన్నమాట," అని కప్పు కడిగేసి వెళ్లిపోయాడు.

ఆమెకి కాలు నిలవలేదు. వేదిక పక్కన వేడి సారు కాలరుకి మైకు తగిలించుకుంటుంటే వెళ్లి, నాలుగు ముక్కల్లో సంగతంతా చెప్పేసింది. ఆయన మైకు తగిలించుకోవడం ఆపలేదు.

"ఎంతమందికి చెప్పావు?"

"మీకే సార్."

"అమ్మా, నీకు చంటిపిల్ల ఉంది. నేను నీ గురించే ఆలోచిస్తున్నాను," అన్నారాయన చాలా ఆప్యాయంగా, వేదికెక్కుతూ.

ప్రసంగం బ్రహ్మాండంగా నడిచింది. అధికారి తల ఊపుతూ రాసుకుంటున్నాడు. మూడో వరసలో, వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు అప్పటిదాకా కునికిపాట్లు పడుతూ, గ్రాఫు తెర మీదికి రాగానే కళ్లజోడు పెట్టుకున్నారు.

"ఆ బూడిదరంగు పట్టీ కిందేముంది బాబూ?"

"పరికర దోషమండీ. ఏడు రోజులు."

"ఏడు రోజులు చెడి, ఎనిమిదో రోజు దానంతటదే బాగుపడిందా? అలాంటి పరికరం మాకూ ఒకటి ఇప్పించు."

హాలంతా నవ్వింది. వేడి సారు కూడా నవ్వి, వెనక వరసకేసి చెయ్యి చాపారు. "మా టెక్నీషియనే చెబుతుంది. ఏమ్మా, మీటరు చెడింది కదా?"

మైకు ఆమె చేతికొచ్చింది. అరవై తలలు వెనక్కి తిరిగాయి. అవునంటే సరిపోతుంది. ఒక్క మాట, అయిదేళ్ల జీతం. ఫ్రిజ్ మీది కాగితం కళ్లముందు మెదిలింది. పిల్లకి ఏడు రోజులు ఒళ్లు కాలి ఉంటే, చూడ్డానికి బాగాలేదని ఆ గళ్ల మీద రంగు పూస్తుందా?

"మీటరు బాగానే ఉందండీ," అంది. "రిజిస్టరు రిమార్కుల్లో రాశాను."

"ఏమని?" అన్నారు పెద్దావిడ.

రిజిస్టరు ఆమె ఒళ్లోనే ఉంది. తెరిచి చదివింది. "హాస్టలు మూసి ఉంది. రంగులేస్తున్నారు. ఏడు రోజులూ ఇదే రాశానండీ. ఆ రోజుల్లో బాయిలరు ఆపేశారు. బోరు పక్క వేణ్నీళ్ల పైపు కారుతోంది. ఆ వేడి భూమిది కాదండీ, స్నానాల నీళ్లది."

మూడేళ్లుగా అందరూ అంకెల గళ్లు మాత్రమే కంప్యూటర్లోకి ఎక్కించుకున్నారు. ఆ చివరి గడి ఎవరూ చదవలేదు.

"ఎంతమంది స్నానం చేస్తారు?" అని ఎవరో అడిగారు. అక్కడున్నది శాస్త్రవేత్తలు కదా, లెక్క కావాలి.

"మూడొందల పన్నెండు," అని తలుపు దగ్గర్నుంచి జవాబొచ్చింది. ప్లంబరు చేతిలో పానాతో నిలబడి ఉన్నాడు. "ఆదివారాలు తక్కువ."

వేడి సారు గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా, సరిగ్గా ఈ విషయాన్నే రెండో దశలో పరిశోధించాలని మా సంకల్పం. మానవ కార్యకలాపాల వల్ల భూగర్భంలో చేరే వృథా ఉష్ణం, దాని నిల్వ, దాని పునర్వినియోగం. ప్రపంచంలో ఇలాంటి బోరు మరెక్కడా లేదు."

చప్పట్లు మోగాయి. అధికారి పాత శీర్షిక కొట్టేసి కొత్తది రాసుకున్నాడు. సాయంత్రానికి అయిదేళ్లకీ సిఫారసు సిద్ధమైంది. పెద్దావిడ పట్టుబట్టడంతో ఓ షరతు చేరింది: రీడింగులు పాత మనిషే తీయాలి, రిమార్కులతో సహా. వేడి సారు తన వంతుగా ఇంకోటి చేర్చారు: అయిదేళ్లూ ఆ పైపు జోలికి ఎవరూ వెళ్లకూడదు.

"నాలుగోసారి రాయనక్కర్లేకుండా పోయింది," అన్నాడు ప్లంబరు.

"మరి ఆ కారే పైపుతో హాస్టలు పిల్లలకి గోరువెచ్చని నీళ్లే గతా బాబాయ్?"

"అదీ పరిశోధనలో భాగమేనేమో, మీ సారుని అడుగు."

మర్నాడు ఆఫీసు నుంచి సర్క్యులరు వచ్చింది. ఇకమీదట రిజిస్టరు రిమార్కుల్లో ఏది రాసినా ముందుగా ప్రాజెక్టు అధిపతి అనుమతి తీసుకోవలెను. ఆమె దాన్ని మడిచి రిజిస్టరు అట్టలో పెట్టుకుంది. ఏడింటికి బోరు దగ్గర నిలబడి తీగ దింపింది. బాత్‌రూము కిటికీల్లోంచి ఆవిరీ, రెండు మూడు పాటలూ ఒకేసారి బయటికొస్తున్నాయి. అంకెలు రాసి, చివరి గడిలో "హాస్టలు నిండుగా ఉంది. స్నానాలు జరుగుతున్నాయి" అని రాసింది, అనుమతి లేకుండానే.

ఇంటికొచ్చేసరికి పిల్ల నిద్రపోతోంది. ఫ్రిజ్ మీది కాగితంలో కొత్త వరస ఒకటి కనిపించింది. అత్తగారి వంకర రాత. అంకె ఉండాల్సిన చోట ఖాళీ. రిమార్కుల్లో మాత్రం, "చేత్తో చూశాను. చల్లగా ఉంది."

ఆమె ప్రశ్నార్థకం పెడదామని పెన్సిలు తీసింది. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. పెన్సిలు మళ్లీ ఫ్రిజ్ మీద పెట్టేసింది.