మాత గుహ పక్కన బోరింగు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి సంవత్సరం. కట్టంగూర్ నుంచి నకిరేకల్ పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలున్న ఊళ్ళో చర్చి బంగళాకు నేను వంటమనిషిని. ఫాదర్లు ఉండే ఇంటిని మేము బంగళా అంటాం. మూడో తరగతి దాకే చదివాను గానీ పప్పులో రాళ్లు కలిపి నాకు అంటగట్టిన కొట్టువాడు ఇంతవరకు లేడు. ఫాదర్లు బదిలీ మీద వస్తుంటారు, పోతుంటారు. వంటమనిషి పొయ్యి దగ్గరే ఉంటుంది. అందుకని కొత్తగా ఎవరొచ్చినా కొన్నాళ్లు గమనించిన తర్వాతే గౌరవించడం నా అలవాటు.

ఆ ఏడు వచ్చినాయన ఫాదర్ శౌరయ్య. కల్వకుర్తి వైపు మనిషి. ఫాదర్ కాకముందు కెమిస్ట్రీ చదువుకున్నాడట. సామానులో బట్టలకంటే గాజు సీసాలే ఎక్కువ దిగాయి. వాటిని నా వంటింటి కిటికీలో పెట్టాడు. అది నాకు నచ్చలేదు.

నచ్చనిది ఇంకొకటుంది. పొద్దున పూజ అయ్యాక అందరూ వెళ్లిపోతే ఆయన ఖాళీ చర్చిలో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. చేతిలో పుస్తకం లేదు, జపమాల లేదు. ప్రార్థన చేసే మనిషి పెదవులు కదలాలి. ఆయనవి కదిలేవి కావు.

"నిద్రవోతున్నరా ఫాదర్?" అని ఒకనాడు అడిగేశాను.

"లేదవ్వా. మాటలు లేని ప్రార్థన."

"మాటలు లేకుంటే దేవునికేం తెలుస్తది?"

"ఆయనకు తెల్వక కాదవ్వా. నేను మాట్లాడితే ఆయన చెప్పేది నాకు ఇనపడది."

జవాబు బాగానే ఉంది. బాగున్న జవాబులంటేనే నాకు భయం.

మా చర్చి ఆవరణలో గ్రోటో ఉంది. అంటే రాళ్లతో గుహలా కట్టి మరియమాత స్వరూపాన్ని నిలబెట్టిన చోటు. దాని పక్కనే చేతిపంపు, మా మాటలో బోరింగు. మాత పండుగకు వచ్చినవాళ్లు, మావాళ్లనీ హిందువులనీ సాయిబులనీ లేకుండా, ఆ నీళ్లు సీసాల్లో పట్టుకుపోతారు. మా వాడకట్టు లక్ష్మమ్మయితే రోజూ వచ్చేది. ఆమె మనవరాలు మౌనికకు ఐదేళ్లు. మోకాళ్లు లోపలికి వంగుతున్నాయి, నడిస్తే ఒకదానికొకటి తగులుతున్నాయి. మాత నీళ్లు తప్ప ఇంకోటి తాపనని లక్ష్మమ్మ మొక్కుకుంది.

ఒకనాడు నేను చూస్తుండగానే ఫాదర్ ఆ బోరింగు నీళ్లను సీసాలో పోసి ఏవో ఎర్రటి చుక్కలు వేశాడు. అదే వారంలో నకిరేకల్‌లో ఫిల్టర్ నీళ్ల క్యాన్లు అమ్మేవాడు మోటర్‌సైకిల్ మీద వచ్చి వరండాలో చాలాసేపు మాట్లాడిపోయాడు. ఆ తర్వాత ఫాదర్ నాతో అన్నాడు, పండుగకు ముందే బోరింగుకు తాళం వేస్తానని.

నేను అన్నీ కలిపి చూసుకున్నాను. మాత నీళ్లు ఆగితే ఎవరి నీళ్లు అమ్ముడుపోతాయి? ముఖం మీదే అడిగాను.

"ఆ క్యాన్లాయనకు, మీకు ఏం ముచ్చట?"

"కొట్లాట. ఆయన నీళ్లు కూడ పరీక్ష చేసిన. మంచిగ లేవన్న. గందుకే వచ్చి వాదులాడి పోయిండు."

ఆ ఎర్ర చుక్కల పేరు రీఏజెంట్ అట. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే రంగు పసుపు పచ్చగా తిరుగుతుంది, తక్కువుంటే గులాబీగా నిలుస్తుంది. ఫ్లోరైడ్ ఎముకలను పాడు చేస్తుందన్నది మా నల్గొండ జిల్లాలో ఎవరికీ కొత్త కాదు. కానీ మాత పక్క నీళ్లలో కూడా అంటే ఎవరు నమ్ముతారు? చుక్కలు ఆయనవి, సీసా ఆయనది, చెప్పేదీ ఆయనే.

పప్పు మెత్తగా ఉడుకుతుందని డాబా మీది వాన నీళ్లు తొట్టిలో పట్టి ఉంచడం నా పద్ధతి. పచ్చడి సీసాలు ఒకే తీరువి మూడు కడిగి, రెండింట్లో బోరింగు నీళ్లు, ఒకదాంట్లో వాన నీళ్లు పోశాను. వాన నీళ్ల సీసా అడుగున బొగ్గుతో గీత పెట్టాను. "ఏది ఏదో చెప్పను. చుక్కలెయ్యుండ్రి," అని ఎదురుగా నిలబడ్డాను.

కోపం వస్తుందనుకున్నాను. ఆయన నవ్వాడు. "నేను చెయ్యాల్సింది నువ్వే చేసినవవ్వా," అంటూ చుక్కలు వేశాడు. రెండు సీసాలు పసుపు పచ్చగా తిరిగాయి. గులాబీగా నిలిచిన సీసా ఎత్తి చూస్తే అడుగున నా గీత ఉంది.

నా అనుమానం సగమే తీరింది. "మరి చర్చిల ఊకె కూసునుడుకు ఏం పరీక్ష?"

"దానికి సీసా లేదు. గక్కడ కూడ అనుమానపడాల్నే. కండ్లు మూసుకుంటే ఒక్కోసారి మస్తు తీపిగ అనిపిస్తది, వెలుగు కనపడ్డట్టయితది. గది నమ్మి మురువొద్దని మా పాత గురువులే చెప్పిండ్రు. లేచినంక నాకు కోపం తగ్గిందా, ఎదుటోళ్ల బాధ కనపడుతుందా, గదే చూసుకోవాలె."

"తగ్గిందా మరి?"

"నిన్న చారుల ఉప్పెక్కువైతే ఏమన్న అన్ననా?"

"ఇప్పుడంటున్నరు గద."

ఆయన చెవులు పట్టుకున్నాడు. నాకు అది నచ్చింది.

లక్ష్మమ్మను నేనే పిలుచుకొచ్చాను. మౌనికను చంకన ఎత్తుకుని వచ్చింది. ఫాదర్ ఆ పిల్ల మోకాళ్లు నొక్కి చూసి, నీళ్లు ఎట్లా తాపుతున్నావని అడిగాడు.

"పొయ్యి మీద సగానికి మరిగిస్త సారూ. కషాయం లెక్క. గుణం గట్టిపడాలె గద."

ఆయన ముఖం వాడిపోయింది. మరిగిస్తే నీరు ఆవిరై పోతుంది గానీ అందులో ఉన్నది పోదనీ, మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుందనీ మెల్లగా చెప్పాడు. లక్ష్మమ్మ వినలేదు.

"అమ్మ నీళ్లు పసిపిల్లను చేటు చేస్తయా? ఫాదర్వై ఉండి గట్లెట్లంటవ్?"

"నీళ్లు అమ్మవి కావు లక్ష్మమ్మా. భూమిల రాయిల నుంచి ఊరినయి. అమ్మ పక్కన నిలబడ్డది, అంతే."

నేను వాన నీళ్ల క్యాను ముందు పెట్టాను. లక్ష్మమ్మ దాన్ని ముట్టలేదు. పిల్లను దగ్గరికి లాక్కుని అంది, "సరే. గీ నీళ్లు దీవించుండ్రి. పిల్ల కాళ్లు సక్కగయితయని ఒక్క మాటియ్యుండ్రి. తాపుత."

నేనయితే ఇచ్చేసేదాన్ని. పిల్ల మంచి నీళ్లు తాగడం ముఖ్యం, మాటదేముంది అనుకున్నాను. ఫాదర్ క్యాను మీద చెయ్యి పెట్టి, పెదవులు కదిలిస్తూనే, దీవించాడు.

"దీవించిన. మాటియ్యలేను. వంగిన కాళ్లు సక్కగయితయో లేదో నాకు తెల్వది. నల్గొండ దవాఖానకు పోదాం, నేనూ వస్త. ఇగ వంగకుంట చూసుకుందాం."

ఇక లేచి వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె పిల్ల కాళ్ల వైపు, ఆయన ముఖం వైపు మార్చి మార్చి చూసింది. "నాటు వైద్యుడు అయితయన్నడు, సోది చెప్పెటామె అయితయన్నది. తెల్వదన్నది నువ్వొక్కనివే సారూ," అని క్యాను ఎత్తుకుంది.

తాళం పడింది. ఆ పండుగకు జనం పలచబడ్డారు, పెద్దమనుషులు ఫాదర్ మీద ఆయన పైవాళ్లకు ఫిర్యాదు చేశారు, తర్వాత ఆయనకు బదిలీ అయింది. లక్ష్మమ్మ మాత్రం నల్లా నీళ్లు వచ్చేదాకా వాన నీళ్లకు మా బంగళాకే వచ్చింది. మౌనిక ఇప్పుడు హైస్కూల్‌లో ఉంది. మోకాళ్ల వంకర పూర్తిగా పోలేదు, పెరగనూ లేదు. బస్సు దాకా నడిచే పోతుంది.

అనుమానం వస్తే గొణుక్కుంటూ కూర్చోకూడదు, పరీక్ష పెట్టి చూడాలి, తేలినదానికి తల వంచాలి. అన్నేళ్ల వంట పనిలో నేను నేర్చుకున్నది అదే. ఫాదర్ శౌరయ్య మీద నా అనుమానం సీసాలు రంగు మారినప్పుడు పోలేదు. ఒక్క అబద్ధంతో పని అయిపోయే చోట ఆయన అది ఆడకపోయినప్పుడు పోయింది. మిగతా ఫాదర్ల మీద అట్లాగే ఉంది.