పోర్టల్‌లో ఉంది నాన్నా

2019 ఆగస్టు. మిషిగన్ రాష్ట్రం, ట్రాయ్ అనే ఊళ్ళో ఒక హైస్కూలు. ఆ నెలలో గుడి హాల్లో ఒక మీటింగు పెట్టి, నాలుగు వందల తెలుగు కుటుంబాలను నేనొక్కణ్ణే ఆ స్కూలుతో కలిపాను. అంతకుముందు ఆ ఇళ్ళకీ స్కూలుకీ మధ్య నడిచినవి పిల్లల బ్యాగుల అడుగున నలిగిపోయిన కాగితాలే. ఆ తర్వాత టీచర్ కీబోర్డు మీద వేలు పెడితే చాలు, పదిమైళ్ళ అవతల తండ్రి జేబులో ఫోను మోగేది. ప్రిన్సిపాల్ అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఇంతవరకు రాసి మా ఆవిడకి వినిపించాను. "నాలుగు వందల కుటుంబాలకి ఆ గుడి హాల్లో కుర్చీలెక్కడివి? ఆ రోజు పులిహోర కలిపింది నేను. అరవై మందికి కలిపితే డబ్బాల నిండా మిగిలింది" అంది.

సరే. సంతకాల కాగితం ప్రకారం ముప్ఫై ఒక్క కుటుంబాలు. అందులో పది పన్నెండు మందికి అప్పటికే అకౌంట్లున్నాయి, వాళ్ళు పులిహోర కోసం వచ్చారు. ప్రిన్సిపాల్ చెయ్యి ఊపిన మాట మాత్రం నిజం. ఆయన ఎదురుపడ్డ ప్రతివాడి చెయ్యీ ఊపేవాడు.

నా ఉద్యోగం గొప్పదేం కాదు. కార్ల కంపెనీలో పని పోయాక ఆ స్కూల్లో ఫ్రంట్ ఆఫీసు అసిస్టెంటుగా చేరి పదిహేడేళ్ళు చేశాను. ఆలస్యంగా వచ్చిన పిల్లలకి స్లిప్పులివ్వడం, ఫోన్లు ఎత్తడం, చివరి ఏళ్ళలో పేరెంట్ పోర్టల్ చూసుకోవడం. పోర్టల్ అంటే స్కూలు వెబ్‌సైట్‌లో తల్లిదండ్రుల కోసం ఉంచిన గది. టీచర్లు మార్కులు, హాజరు, ఇవ్వని హోంవర్కు అందులో ఎక్కిస్తారు. ఆ గదికి తాళంచెవి లాంటిది యాక్సెస్ కోడ్. దాన్ని ఇచ్చేవాణ్ణి నేనే. లోపలికి వెళ్ళాక అలర్ట్‌లు పెట్టుకోవచ్చు. ఎన్ని మార్కులకన్నా తక్కువొస్తే ఫోను మోగాలి అన్నది ఒకటి, వెంటనే మోగాలా, రోజు మొత్తానిదీ కలిపి సాయంత్రం ఒకే ఈమెయిల్‌గా రావాలా అన్నది రెండోది.

కౌంటర్ దగ్గరికొచ్చే అమెరికన్ తల్లిదండ్రులు డెబ్బై అనో అరవై అయిదు అనో పెట్టించుకుని పోయేవారు. గుడి హాల్లో మనవాళ్ళెవరూ తొంభైకి కింద పెట్టలేదు. పక్కవాడి స్క్రీన్‌లో తొంభై అయిదు చూసి తమది తొంభై ఆరు చేసుకున్నవాళ్ళున్నారు. సాయంత్రం ఈమెయిల్ చాలన్నవాళ్ళు లేరు. అందరికీ వెంటనే కావాలి.

ఆ రోజు నన్ను ఎక్కువగా మెచ్చుకున్నాయన పేరు ప్రసాద్ అనుకుందాం. కార్ల విడిభాగాలు చేసే ప్లాంట్‌లో క్వాలిటీ ఇంజనీర్. లైన్‌లో ఎక్కడ బోల్టు వదులైనా ఆయన ఫోను మోగుతుంది.

"మూర్తిగారూ, ప్లాంట్‌లో ప్రతి బోల్టు సంగతీ నాకు తెలుసు. ఇంట్లో అమ్మాయి సంగతి తెలీదు. చాలా మంచి పని చేశారండీ" అన్నాడు మైకు తీసుకుని. వారం రోజులు నేను నేలమీద నడవలేదు.

ఆయన కూతురు నిత్య అప్పుడు టెన్త్ గ్రేడ్. ఇక్కడే పుట్టిన పిల్ల. స్కూలు అయ్యాక లైబ్రరీలో కూర్చునేది, నాలుగున్నరకి తండ్రి ప్లాంట్ నుంచి వచ్చి కార్‌లో తీసుకెళ్ళేవాడు. అక్టోబర్‌లో ఒక మధ్యాహ్నం నా కౌంటర్ దగ్గరికి వచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అడిగింది.

"అంకుల్, పోర్టల్ మీరే చేస్తారు కదా?"

"నేనేనమ్మా. ఏం కావాలి?"

"నాన్నకి అలర్ట్ కొంచెం లేట్‌గా పంపించొచ్చా? టూ అవర్స్. ఓన్లీ టూ అవర్స్."

"ఏం, ఏదైనా దాచాలా?"

"నో అంకుల్. దాచను. నేనే చెప్తాను." కాసేపు మాటలు వెతుక్కుంది. "ముందు కార్‌లో రోజూ నేను నాన్నకి డే మొత్తం చెప్పేదాన్ని. ఎవరు ఏం అన్నారు, టెస్ట్‌లో ఏ క్వశ్చన్ రాలేదు, అన్నీ. ఆయన నవ్వేవాడు. ఇప్పుడు డోర్ ఓపెన్ చేసేలోపే ఆయనకి తెలుసు. ఫస్ట్ మాటే 'ఎయిటీ ఎయిట్ ఏంటి' అని. ఇంక నేను చెప్పేది ఏం లేదు."

నా స్క్రీన్‌లో అది ఒక్క క్లిక్కు పని. 'వెంటనే' తీసేసి 'సాయంత్రం' పెడితే అయిపోతుంది. కానీ తల్లిదండ్రుల అకౌంట్‌ని వాళ్ళనడక్కుండా ముట్టుకోకూడదని రూలు. కుదరదమ్మా అని చెప్పాను. తలూపి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

అక్కడితో ఊరుకుంటే నేనెవరికీ ఏ అపకారమూ చేసినవాణ్ణి కాను.

ఆ తర్వాతి ఆదివారం దీపావళి పాట్‌లక్, అంటే ఇంటికో వంటకం తెచ్చి కలిసి తినే విందు. ప్రసాద్, ఇంకో నలుగురైదుగురు ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. నా దగ్గరో వార్త ఉంది, అది నా నోట్లో నిలవలేదు.

"ప్రసాద్‌గారూ, మీ అమ్మాయి నాకు పైరవీ చేసిందండోయ్. అలర్ట్ రెండు గంటలు ఆపమంది."

అందరూ నవ్వారు. ప్రసాద్ కూడా నవ్వాడు. "అవునా? ఎందుకట?" అన్నాడు. కార్‌లో తానే చెప్పుకోవాలనుకుంటోంది పాపం అని కూడా చెప్పాను, కానీ అది ఆ నవ్వుల్లో కలిసిపోయింది. చెప్పేటప్పుడు నా మనసులో చెడు ఏమీ లేదు. పిల్లల మాట తండ్రి చెవిన వేయడం అంకుల్ అనిపించుకున్నవాడి పనే కదా అనుకున్నాను. అతను అర్థం చేసుకుని తానే మార్చుకుంటాడనుకున్నాను. మార్చుకున్నాడు. సోమవారం పొద్దున్న చూస్తే, తొంభై అయిదు ఉన్నచోట నూరు ఉంది. అంటే ఇక ఏ చిన్న మార్కు ఎక్కినా ఫోను మోగుతుంది.

జనవరిలో సెమిస్టర్ పరీక్షలు. ఇక్కడ ప్లేస్‌హోల్డర్ జీరో గురించి చెప్పాలి. పేపర్లు దిద్దడం పూర్తికాకముందే కొందరు టీచర్లు క్లాసందరికీ పోర్టల్‌లో సున్నా వేసి ఉంచుతారు. ఎవరి పేపరు మిగిలిందో తమకి కనపడటానికి. దిద్దాక అసలు మార్కు ఎక్కిస్తారు. టీచర్‌కి అది వట్టి గుర్తు. సిస్టమ్‌కి అది సున్నాయే.

కెమిస్ట్రీ సున్నా పదకొండింటికి ఎక్కింది. పన్నెండు కాకముందే ప్రసాద్ నా కౌంటర్ ముందున్నాడు. కాళ్ళకి ప్లాంట్ బూట్లు అలాగే ఉన్నాయి, బయటి మంచు వాటి చుట్టూ కరుగుతోంది. కూతుర్ని క్లాసులోంచి పిలిపించమన్నాడు. పిలిపించాను.

"జీరో ఏంటే?"

"నాన్నా, సర్ ఇంకా గ్రేడ్ చేయలేదు."

"గ్రేడ్ చేయకుండా జీరో ఎలా వస్తుంది? సిస్టమ్ అబద్ధం చెప్తుందా?"

"నేను చెప్తున్నాను కదా నాన్నా. టెస్ట్ బాగానే రాశాను."

ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. "నువ్వు చెప్పేది కాదు. ఇందులో ఉన్నదానికి సమాధానం చెప్పు."

ఇక్కడ నేను కుర్చీలోంచి లేచాను. కౌంటర్ మీద అరచేత్తో కొట్టి, "ప్రసాద్‌గారూ, తప్పు మీది. అది మార్కు కాదు, గుర్తు. పిల్ల నిజం చెప్తోంది" అన్నాను.

నాలుగేళ్ళుగా విందుల్లో ఈ కథ ఇలాగే చెబుతూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ దెబ్బ కాస్త గట్టిగా పడేది. నిజానికి నేను లేవలేదు. "టీచర్‌ని కనుక్కుని చెప్తానండీ" అని మానిటర్ వైపు తిరిగాను. అది ప్లేస్‌హోల్డర్ అని నాకు మొదటి క్షణంలోనే తెలుసు. కానీ ఆ సంగతి గుడి హాల్లో నేనే చెప్పి ఉండాల్సింది. దానికో స్లైడు కూడా చేశాను. భోజనాల టైమైందని దాటేశాను. మైకులో నన్ను మెచ్చుకున్న మనిషి ముందు ఆ మాట ఒప్పుకోవాలి. పది మాటల వాక్యం. నోరు తెరవలేదు.

నిత్య ఒకసారి నా వైపు చూసింది. నేను ఏమైనా అంటానని చూసింది. తర్వాత తండ్రి వైపు తిరిగి, ఏ కోపమూ లేని గొంతుతో అంది.

"ఓకే నాన్నా. జీరో వచ్చింది."

అని క్లాసుకి వెళ్ళిపోయింది.

మూడున్నరకి సున్నా కాస్తా తొంభై నాలుగు అయింది. ఆ అలర్ట్‌ని ప్రసాద్ నాకు ఫార్వర్డ్ చేశాడు, పైన బొటనవేలి బొమ్మ పెట్టి. 'సిస్టమ్ కరెక్ట్ అయింది, థాంక్స్' అని. అమ్మాయితో ఏమన్నారని తర్వాత ఒకసారి అడిగాను. "తనకి ముందే తెలుసు కదండీ, ఇంక చెప్పేదేముంది" అన్నాడు.

మార్చిలో కోవిడ్ వచ్చి స్కూళ్ళు మూసేశారు. తండ్రి ఒక గదిలో ప్లాంట్ మీటింగుల్లో, కూతురు పక్కగదిలో ఆన్‌లైన్ క్లాసుల్లో. మధ్య ఒక గోడ. అవతలి గదిలో ఏం జరుగుతోందో ఇవతలి గదిలో ఫోను చెప్పేది. ఒకరోజు ప్రసాద్ ఫోన్ చేశాడు.

"మూర్తిగారూ, క్లాస్ ఎలా జరిగిందమ్మా అంటే 'పోర్టల్‌లో ఉంది నాన్నా' అంటోందండీ. ఏం అడిగినా అదే మాట. పోనీ కోపంగా అంటుందా అంటే అదీ లేదు. అన్నం తిని, ప్లేటు కడిగి, తలుపేసుకుంటుంది."

ఆ రోజు రూలు పక్కనపెట్టి, ఎవర్నీ అడక్కుండా ఆయన అకౌంట్‌లో 'వెంటనే' తీసేసి 'సాయంత్రం' పెట్టాను. ఆ పిల్ల అడిగిన అయిదు నెలలకి. అప్పటికి కారు లేదు, ప్రయాణం లేదు, చెప్పాలన్న పిల్లా లేదు. మర్నాడు పొద్దున్నే ప్రసాద్ దాన్ని మళ్ళీ మార్చేసుకుని, పోర్టల్‌లో ఏదో బగ్ ఉంది చూడమని నాకే ఈమెయిల్ పెట్టాడు.

రెండేళ్ళ తర్వాత ఆమె మంచి మార్కులతో హైస్కూలు ముగించి, వేరే రాష్ట్రంలో యూనివర్సిటీకి వెళ్ళింది. అదే ఏడాది నేను రిటైరయ్యాను. ఆ అక్టోబర్‌లో ప్రసాద్ మా ఇంటికి వచ్చాడు. కోటు విప్పకుండానే సోఫాలో కూర్చున్నాడు.

"యూనివర్సిటీ పోర్టల్‌కి కోడ్ ఎవరిస్తారండీ?"

"ఎవరూ ఇవ్వరండీ. కాలేజీకి వెళ్ళాక ఆ రికార్డు పిల్లలది. తను ఒప్పుకుంటే తప్ప తండ్రికైనా చూపించరు. అది చట్టం."

"మార్కుల కోసం కాదండీ." ఫోను చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "హాజరు కనిపిస్తుంది కదా. రోజూ లేచి క్లాసుకి వెళ్తోందని తెలిస్తే చాలు."

"ఫోన్ చేసి అడగకపోయారా?"

"చేస్తాను. 'ఫైన్ నాన్నా' అంటుంది. ఆ తర్వాత ఏం అడగాలో నాకు తోచదు. వాళ్ళమ్మతో గంట మాట్లాడుతుంది. నేను ఆ గదిలోకి వెళ్తే చాలు, 'సరే అమ్మా, ఉంటా' అంటుంది."

మా ఆవిడ కాఫీ ఇచ్చింది. ఆయన తాగలేదు. అరగంట కూర్చుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా రెండుసార్లు వచ్చాడు, అదే ప్రశ్న వేరే మాటల్లో అడిగాడు. నా దగ్గర ఇవ్వడానికి ఏ కోడూ లేదు.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళూ, పిల్లలున్నవాళ్ళూ నన్ను అడుగుతుంటారు, ఈ పోర్టల్స్ మంచివా కాదా అని. నాకు తెలిసింది ఒక్కటే. బడికీ ఇంటికీ మధ్య పట్టే కాలాన్ని తగ్గించడమే సేవ అనుకుని పదిహేడేళ్ళు పనిచేశాను. ఆ కాలం పిల్లలదని, జరిగినదాన్ని ఎలా చెప్పుకోవాలో వాళ్ళు అందులోనే కూడగట్టుకుంటారని, ఒక పదిహేనేళ్ళ పిల్ల కౌంటర్ ముందు నిలబడి చెప్పింది. నేను రూలు చెప్పి పంపించాను. దానికి మందు నాకు తెలియదు. తెలిస్తే ముందు ప్రసాద్‌కి చెప్పేవాణ్ణి.

పేర్లు మార్చినా, అడక్కుండా అచ్చుకివ్వడం బాగుండదని నిత్యకి ఫోన్ చేశాను. తెలుగు చదవడం రాదు కాబట్టి మొత్తం చదివి వినిపించాను. మా ఆవిడ నాలుగు వందల దగ్గర పట్టుకుందని, కౌంటర్ మీద కొట్టిన దెబ్బ నేనే దిద్దుకున్నానని విని ఈ అమ్మాయి కాస్తయినా మెత్తబడుతుందనుకున్నాను. చదవడం ముగించి, లైన్‌లో ఉన్నావా అమ్మా అన్నాను.

"ఉన్నాను అంకుల్. వేసుకోండి, నాకు ఓకే. కానీ ఒకటి రాంగ్ ఉంది."

"ఏంటమ్మా?"

"టూ అవర్స్ అడిగాను, మీరు నో అన్నారు. అది ఫైన్. రూల్ కదా. తర్వాత నేను ఇంకొకటి అడిగాను. నేను వచ్చినట్టు నాన్నకి చెప్పొద్దు అని. మీరు 'ఒట్టు' అన్నారు. నాకు ఆ వర్డ్ తెలీదు. ఒట్టు అంటే ఏంటి అని అడిగితే, ఎవరికీ ఎప్పుడూ చెప్పను అని అర్థం అని మీరే చెప్పారు. అది మీరు రాయలేదు."