రెండు గీతల నరసింగరావు

నరసింగరావు రేకు గీస్తే రెండు గీతలు ఉండాల్సిందే. పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో మందం. పాతికేళ్లు డ్రాయింగులు అలాగే గీశాడు. ఈ హిందీ ఊళ్లో, నెహ్రూ నగర్‌లో మా డిజైన్ ఆఫీసు; పక్కపక్క కుర్చీలు మావి. నన్ను బావా అంటాడు. చుట్టరికం లేదు, ఇద్దరిదీ విజయనగరం వైపు, అంతే.

యాభై ఒకటో ఏట ఆయన సిమ్యులేషన్ మొదలెట్టాడు. కంప్యూటర్లో వస్తువుని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, బరువు పెడితే ఎంత వంగుతుందో చూసే పని. ఆ ముక్కల అల్లికే మెష్.

మా ఓనరు మధుబాబు ఓ పని అప్పగించాడు. "రైసు మిల్లు వాళ్ల ధాన్యం గుంటకి మూత. మూడు మిల్లీమీటర్ల రేకు, మీటరు పొడవు. మనిషి ఎక్కినా వంగకూడదు. నెగ్గితే సిమ్యులేషన్ సీటు మీదే. లేదంటే మళ్లీ డ్రాయింగే."

మా ఆఫీసులోనే ఆ పనిలో ఆరితేరిన అమ్మాయి బిందుప్రియ అప్పుడే చెప్పింది. "అంకుల్, పల్చటి రేకుకి మందం గీయొద్దు. నడిమధ్యన ఒక్క పొర గీసి, మందమెంతో అంకె ఇచ్చేయండి. బస్, హో గయా."

"మందం లేని రేకేటమ్మా? కాయితమేటి?"

రెండు గీతల మధ్య ఒకే వరస ఇటుకల్లా ముక్కలు పేర్చాడు. ఒక్క మిల్లీమీటరే వంగుతుందని వచ్చింది. రిపోర్టులో 'సరిచూసినవారు' దగ్గర సంతకం నాది. నేను చూడలేదు. సమోసా తింటున్నాను.

పవర్ హౌస్ బజారు వెనక షెడ్డులో, రెండు ఇనుప బల్లల మీద మూత ఆనించారు. మిల్లు మేనేజరు చూస్తుండగా, నరసింగరావు చెప్పులు విప్పి, దణ్ణం పెట్టుకుని ఎక్కాడు. తొంభై కిలోల మనిషి. రేకు ఉయ్యాలలా నాలుగు వేళ్లు దిగిపోయింది.

"భయ్యా, యే తో ఝూలా హై!" అన్నాడు మేనేజరు.

మధుబాబు రెండ్రోజులు గడువు అడిగాడు.

తిరిగొచ్చాక బిందుప్రియ నవ్వలేదు, అదే మాకు ఇంకా సిగ్గు. "ఒక్క వరస ఇటుకలకి వంగడం రాదంకుల్. బిగుసుకుపోతాయి. లెక్కలో మాత్రమే గట్టి."

నరసింగరావు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. కింది గీత చెరిపాడు. పై గీతా చెరిపాడు. నడిమధ్యన ఒక్కటి గీశాడు, పంటి నొప్పి పెట్టినట్టు మొహం పెట్టి. మందం: మూడు. ఈసారి లెక్క కూడా ఉయ్యాలే చూపించింది! "ఇది నిజం చెప్తోంది బావా," అన్నాడు సంబరంగా. తన ఓటమికి లెక్క సరిపోయినందుకు అంత సంతోషపడ్డవాణ్ణి నేను చూడలేదు. అంచులు కిందికి మడిచి, అడుగున ఓ పట్టీ వేశాడు. లెక్కలో వంపు రెండు మిల్లీమీటర్లకి తగ్గింది.

మళ్లీ షెడ్డు, మళ్లీ దణ్ణం. స్కేలు పెడితే రెండూ, మహా అయితే రెండున్నర. మేనేజరు తలూపాడు.

"సీటు మీదేనండీ, దిగండి," అన్నాడు మధుబాబు.

ఆయన దిగలేదు. పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. "రా బావా, నువ్వూ ఎక్కు. సంతకం పెట్టేవు కదేటి?"

నేను చెప్పు విప్పబోయి ఆగాను.

"ముందా రిపోర్టు ఇలా ఇయ్యి. చదివి ఎక్కుతాను."