మూడు తోకల పురుగు

వాగుల ఆరోగ్యం చూడటం నా ఉద్యోగం. నెలకోసారి బిజినేపల్లి అవతల వాగులోకి ఒక్కదాన్నే దిగుతాను. నీళ్లు బాగున్నాయో లేదో అడుగున రాళ్లను పట్టుకుని బతికే పురుగులే చెబుతాయి. కాలితో రాళ్లు కదిపి, కొట్టుకొచ్చినవాటిని వలలో పట్టి, తెల్ల పళ్లెంలో పోసి చూస్తాను. మురుగు నీళ్లయితే ఎర్ర పురుగులే ఎక్కువ. మూడు తోకల చిన్న పురుగు కనిపించిందంటే వాగుకు ఏ రోగమూ లేనట్టే. అది కనిపించినప్పుడల్లా ఎవరికైనా చూపించాలనిపిస్తుంది. చుట్టూ ఎవరూ ఉండరు.

ఒకసారి ఒడ్డున పత్తి చేనున్న పెద్దాయన ఆగాడు.

"చేపలు వడ్డయా బిడ్డా?"

"చేపలు కాదు పెద్దనాయనా, పురుగులు."

"అయ్యో! మందు కొట్టరాదూ మరి!"

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. ఒళ్లు మండి, ఆయన వైపు వీపు తిప్పి మళ్లీ వల ముంచాను.

మరుసటి నెల పళ్లెంలో ఇసుక తప్ప ఏమీ లేదు. రాళ్లన్నీ తిరగేశాను. కదిలేది ఒక్కటీ కనిపించలేదు. తలెత్తితే ఒడ్డు మీద ఆయనే, నవ్వుతూ.

"పురుగు లేదు గదా? గింత ఎండల ఒక్కదానివే పరేషాన్ అయితున్నవని, చేనుకు కొట్టంగ మిగిలిన మందు నిన్న వాగుల పోసిన."

అరవాలని నోరు తెరిచాను. కానీ ఇన్నేళ్లలో ఆ వాగు దగ్గర నా గురించి ఆలోచించిన మనిషి ఆయనొక్కడే.