అరబిక్ ఎవరికొస్తుంది

యూనివర్సిటీలో పొద్దున ఫ్రెంచి, మధ్యాహ్నం అరబిక్ చదివాను. ఫ్రెంచి అంటే కూకట్‌పల్లిలో మా కాలనీవాళ్లు కళ్లు పెద్దవి చేసేవారు. అరబిక్ అనగానే మొహాలు మారిపోయేవి. మన పిల్లకి ఆ భాష ఎందుకండీ అని నాన్నని అడిగేవారు, నేను పక్కనే ఉన్నా సరే. ఆయన నవ్వేసి ఊరుకుని, ఇంటికొచ్చాక ఇకమీదట ఫ్రెంచి ఒక్కటే చెప్పమని నాకు క్లాసు పీకేవారు. గొంతులోంచి పలికే అక్షరాలు సాధన చేస్తుంటే జలుబు చేసిందనుకుని అమ్మ మిరియాల కషాయం పెట్టిచ్చింది. ఎవరేమనుకుంటే నాకేం, నా ప్రాణమంతా అరబిక్ మీదే. ఫ్రెంచి బాగానే వచ్చేది, అంతే.

తొంభైల చివర, హైటెక్ సిటీ చుట్టూ ఇంకా బండలు పేలుస్తున్న రోజులు. అక్కడొక కంపెనీకి ట్యునీషియా నుంచి పని వచ్చింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో అక్కడ నడిచే ఫ్రెంచి, అరబిక్ రెండు భాషల్లోనూ పుస్తకాలు రాయాలి. నాకోసమే పుట్టిన ఉద్యోగం అనుకుని పరుగెత్తాను. మేనేజరు గుంటూరు వైపు మనిషి. నా ఫ్రెంచి విని తెగ మురిసిపోయాడు. అరబిక్ సర్టిఫికెట్టు మాత్రం తిరగేసి కూడా చూడలేదు.

"దానికి మన టెస్టింగ్‌లో ఒక ముస్లిం ఇంజనీరు ఉన్నాడులేమ్మా. వాళ్లకి పుట్టుకతోనే వస్తుంది కదా" అన్నాడు.

ఆ ఇంజనీరుది పాతబస్తీ. పని మొదలైన వారంలోనే కాగితాలు పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చాడు, పాపం.

"చదువుడొస్తది అక్కా, మతలబు తెల్వదు. చిన్నప్పుడు ఖురాన్ చదవనీకి నేర్పిన్రు, గంతే. సార్‌కు ముందే చెప్పిన, ఇంటలేడు."

అతని మీద నాకు కోపం రాలేదు. కోపమంతా అద్దాల గదిలో కూర్చున్న ఆ మహానుభావుడి మీదే. అయినా పని వదలబుద్ధి కాలేదు. ఆ వాక్యాలు నా చేతుల మీదుగా వెళ్లాలని ఆశ. భోజనం మానేసి మరీ రాసిచ్చేదాన్ని.

అరబిక్ పుస్తకం అద్భుతంగా ఉందని ట్యునీషియా వాళ్లు మెచ్చుకున్నారు. మీటింగులో మేనేజరు అతని భుజం తట్టి, ఇలాంటివి రక్తంలో ఉండాలన్నాడు. అతను లేచి, నాకు రాదు సార్, అంతా అక్కే రాసిందని అందరి ముందూ చెప్పేశాడు. ఎంత వినయమో చూశారా అన్నాడు మేనేజరు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాత అతని గదిలోకి వెళ్లి, నాకు అరబిక్‌లో పరీక్ష పెట్టండి అని అడిగాను. నీకు ఫ్రెంచి ఉంది కదమ్మా, మళ్లీ ఈ పట్టుదల ఎందుకన్నాడు.

ఆ ఇంజనీరు విసిగిపోయి వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. సిగ్గులేని ఆశ కదా, ఇప్పుడైనా నన్ను పిలుస్తారనుకున్నాను. మేనేజరు మరొకతన్ని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. ఇతన్నీ ముస్లిం పేరు చూసే తీసుకున్నాడని అర్థమైంది. అతను తల వంచుకుని నిలబడ్డాడు.

"ఇతనికి కాస్త అలవాటు తప్పిందట. నువ్వేదో చదివానన్నావుగా, నాలుగు రోజులు నేర్పించమ్మా. తర్వాత అతనే చూసుకుంటాడు."

"నాకు అరబిక్ రాదండీ" అన్నాను.

"నేనూ అదే అనుకున్నా" అన్నాడు.

ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా నమ్మేశాడు.