లేమా ఇంటి శంఖం

మా కొర్వెయిరా ఊరికి వచ్చిన పరాయివాళ్ళలో నిలిచినవాళ్ళు తక్కువ. ఎండాకాలంలో వస్తారు, సముద్రాన్ని చూసి మురిసిపోతారు, ఇల్లు వెతుక్కుంటారు. చలికాలం వానలకు గోడలు బూజు పట్టి, గాలికి పెంకులు లేచిపోతుంటే మూటాముల్లె సర్దుకుంటారు. మిలెనా, రాదిమ్ కూడా అంతేననుకున్నాం. వాళ్ళది చెక్ దేశం. అక్కడ సముద్రమే లేదట. మరి చేపలెక్కడివి అని బార్ నడిపే షకోబె అడిగితే, చెరువుల్లో పెంచుకుని క్రిస్మస్‌కు తింటాం అన్నాడు రాదిమ్. షకోబె ఆ మాట ఊరంతా చెప్పి నవ్వించాడు.

రాదిమ్‌కు కొండమీది గాలిమరలు బాగుచేసే పని. ఆ పని కోసమే వచ్చారు. వెంట ఆరేళ్ళ కూతురు ఆనెష్క, చంకలో ఏడాది నిండని కొడుకు. అప్పటికి మా ఊళ్ళో పిల్లలు దాగుడుమూతలు ఆడటానికి కూడా చాలేవారు కాదు. బడి మూసేస్తారన్న మాట ప్రతి ఏడూ వినిపించేది. అందుకని ఆ కుటుంబాన్ని నెత్తిన పెట్టుకున్నాం. ఒకరు బంగాళాదుంపలు, ఒకరు గుడ్లు, నేను ట్యూనా చేప కూరి కాల్చిన ఎంపనాడా. పిండివంట కాస్త మాడింది, అయినా తిన్నారు.

వాళ్ళకు ఇల్లిచ్చింది దొసీండా. అసలీ కథ ఆమెదే.

దొసీండా, నేను ఒక్క బల్ల మీద కూర్చుని చదువుకున్నాం, ఒక్కరోజే చదువు మానేశాం, ఒక్క పాకలోనే ఇప్పటికీ వలలు బాగుచేస్తున్నాం. నేను వాగుడుకాయను. ఆమె పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సూది ఆపకుండా, పదంటే పది మాటలు మాట్లాడే మనిషి. అలాంటి నెమ్మదస్తురాలికి మొండిఘటం అమారో లేమా మొగుడుగా దొరికాడు. అవునంటే కాదనేవాడు. గొడుగు పట్టుకెళ్ళమంటే టోపీ కూడా ఇంట్లో వదిలి పోయేవాడు. గాలి తిరిగింది, ఇవాళ వెళ్ళకు అని దొసీండా చెప్పిన రోజునే వెళ్ళాడు. పడవా లేదు, మనిషీ లేడు. తెడ్డు ఒక్కటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

మా ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక శంఖం ఉంటుంది. పొగమంచు దిగితే, మగవాడు సముద్రం మీద ఉన్న ప్రతి ఇంటి ఆడదీ గుమ్మంలో నిలబడి ఊదుతుంది. ఇంటింటికీ పిలుపు వేరు. మా ఇంటిది పొట్టి పొట్టిగా, కోడిపెట్ట అరిచినట్టు ఉంటుందని మా ఆయన వెక్కిరిస్తాడు. పడవలోనూ ఒక శంఖం ఉంటుంది. ఇంటి పిలుపు విని పడవ బదులు పలుకుతుంది. ఇప్పుడు ప్రతి పడవలోనూ దారి చూపించే యంత్రాలున్నాయి, అయినా ఊదుతాం. యంత్రం చెప్పేది దారి. ఇల్లు పిలవడం వేరు.

మనిషి సముద్రంలో పోయి, శవం దొరక్కపోతే ఆ ఇంటి శంఖం ఇంకెవరూ ఊదకూడదు. నోట్లో ఉన్ని కుక్కి, గోడవైపు తిప్పి గూట్లో పెడతారు. ఊదితే పోయినవాడికి వినిపిస్తుంది, వింటే వస్తాడు. వచ్చినవాడు ఒట్టి చేతులతో తిరిగి వెళ్ళడు. అందుకే అలాంటి పిలుపు వినబడితే తలుపులు వేసుకోవాలి. ఆ తర్వాత ఎవరు తలుపు కొట్టినా తీయకూడదు. ఇది నాకు మా అమ్మమ్మ చెప్పింది. నేను నమ్ముతానా అని అడక్కండి, గడియ వేస్తాను.

అమారో పోయాక దొసీండా ఆ ఇంట్లో ఒక్కతీ ఉండలేక మా పక్కకు వచ్చేసింది. రాతిగుట్ట అంచున ఆ ఇల్లు పదకొండేళ్ళు ఖాళీగా పడి ఉంది. మిలెనాకు తాళం ఇస్తూ, "పొయ్యి మీది గూట్లోది ముట్టుకోకు" అంది. అంతే. ఎందుకో ఆమె చెప్పలేదు, మేమూ చెప్పలేదు. ఇల్లు నచ్చి వచ్చినవాళ్ళతో ఇలాంటివి ఎవరు మాట్లాడతారు?

మిలెనా పాక దగ్గరికి రోజూ వచ్చేది. పిల్లాణ్ణి వలల కుప్ప మీద పడుకోబెట్టి, మా మాటలు పట్టుకునేది. భాష వంకరటింకరగా వచ్చినా సిగ్గుపడేది కాదు. ఒకరోజు పడమటి గాలి వీస్తుండగా వచ్చి కూర్చుంది.

"అమ్మా, మా ఆనెష్క రాత్రి నిద్రపోవట్లేదు. గూట్లో ఎవరో గొణుగుతున్నారంటోంది" అంది.

"గాలేనమ్మా. పాత ఇల్లు కదా" అన్నాను వెంటనే.

దొసీండా సూది ఆగిపోయింది. తల ఎత్తకుండా, "ఏమంటున్నాడట?" అని అడిగింది.

మిలెనాకు అర్థం కాక నవ్వి, "మాటలు కాదు, ఉత్త చప్పుడు" అంది. దొసీండా మళ్ళీ వల అందుకుంది. ఆ రోజంతా ఆమె వేసిన ముడులన్నీ మర్నాడు నేను విప్పి మళ్ళీ వేయాల్సి వచ్చింది.

ఆ మధ్యే పొగమంచులో మేం ఊదుతుంటే మిలెనా ఎందుకని అడిగింది. "మనవాళ్ళు దారి తప్పకుండా ఇల్లు చేరడానికి" అని చెప్పాను. చెప్పింది నిజమే. ఆమె దాన్ని అలాగే మనసులో పెట్టుకుంది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం. అలలు పెద్దవిగా ఉన్నాయని పొద్దున్నుంచి పడవ ఒక్కటీ కదల్లేదు. అన్నీ రేవులో కట్టే ఉన్నాయి, నా కళ్ళతో చూశాను. బడి వదిలాక ఆనెష్క చిన్న బకెట్ పట్టుకుని గుల్లలు ఏరడానికి ఇసుక మేటల మీదికి వెళ్ళింది. ఆటు సమయం, నీళ్ళు చాలా దూరం తీసి ఉన్నాయి. మా పిల్లలందరూ చేసే పనే. కాకపోతే మా పిల్లలకు ముక్కుతో మంచు వాసన తెలుస్తుంది. సముద్రం లేని దేశపు పిల్లకు ఎలా తెలుస్తుంది?

మంచు ఒక్కసారిగా దిగింది. పాక గుమ్మంలో నిలబడితే నా చెయ్యి నాకే కనిపించలేదు. సరిగ్గా అప్పుడే ఆటు పోయి పోటు మొదలైంది. పడవలన్నీ రేవులోనే కాబట్టి ఏ ఇంటి శంఖమూ పలకలేదు. ఊరంతా దూది కుక్కినట్టుంది.

అప్పుడు వినిపించింది. పొడుగ్గా ఒకటి, మధ్యలో తెగి, మళ్ళీ పొడుగ్గా. లేమా ఇంటి పిలుపు.

ఆ పిలుపు మిలెనాకు ఎవరూ నేర్పలేదు. ఆ శంఖం పెదవి దగ్గర చిన్న బీట ఉంది, అందుకని ఎవరు ఊదినా ఊపిరి మధ్యలో తెగుతుంది అని షకోబె తర్వాత అన్నాడు. కావచ్చు. అప్పుడు మాత్రం అతనూ ఆ మాట అనుకోలేదు. వాలు పొడుగునా కిటికీలు ధడ్ ధడ్‌మని మూసుకోవడం విన్నాను. నేనూ పాక తలుపు లాగి గడియ పెట్టాను.

తిరిగి చూస్తే దొసీండా లేచి నిలబడి ఉంది. ముందు కట్టుకున్న గుడ్డ విప్పేసింది. రెండు చేతులతో జుట్టు సర్దుకుంటోంది.

"ఎక్కడికే?" అన్నాను.

"మా ఇల్లు పిలుస్తోంది, ఒబ్దూలియా."

"మీ ఇంట్లో ఇప్పుడు ఉన్నది వాళ్ళు. ఆ మిలెనా తెలియక ఊదింది. కూర్చో."

"ఎవరు ఊదితేనేం? ఆయనకు తెలుస్తుందా అదంతా?"

"దొసీండా, నీకు మతి పోయిందా? ఆయన పోయి పదకొండేళ్ళు."

"పోవడం నువ్వు చూశావా?" అంది. "నేను చూడలేదు."

అప్పుడే పాక తలుపు ఎవరో దబదబ బాదారు. నేను గడియను రెండు చేతులతో అదిమి పట్టాను. బయట ఏదో అరుపు, మా భాష కాదు. కాసేపటికి ఆ బాదుడు షకోబె తలుపు దగ్గరికి వెళ్ళింది, ఆ పైన ఇంకో తలుపు. ఎవరూ తీయలేదు. పిలుపు తర్వాత తలుపు కొట్టేది ఎవరో మా ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. పిల్లాణ్ణి చంకనేసుకుని, కూతురు కనబడక, సాయం అడగడానికి ఒక తల్లి వచ్చిందని మాకెలా తెలుస్తుంది? ఆమె మళ్ళీ ఇంటికి పరుగెత్తింది. మళ్ళీ శంఖం పలికింది, ఈసారి ఇంకా గట్టిగా.

దానికి సముద్రం వైపు నుంచి బదులు వచ్చింది.

నేను అబద్ధం చెప్పడం లేదు. ఊరంతా విన్నది. పొట్టిగా, బరువుగా, నీళ్ళు నిండిన గొంతుతో పలికినట్టు. అమారో పడవ పలికే బదులే అది. ఆ శంఖం ఆయనతోపాటే పోయింది.

దొసీండా గడియ తీసింది. నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను, అందలేదు. ఆమె మంచులోకి దిగిపోయింది. నేను తలుపు మూయలేకపోయాను, గడప దాటనూ లేకపోయాను. అక్కడే నిలబడి విన్నాను.

పైన గుట్ట మీద మిలెనా ఊదుతోంది. కింద సముద్రంలోంచి బదులు వస్తోంది. ప్రతిసారీ కిందటిసారి కంటే దగ్గరగా. ఇసుక మీద దొసీండా అడుగుల చప్పుడు మొదట వినిపించింది, తర్వాత నీళ్ళలో నడుస్తున్న చప్పుడు. ఆమె తిరిగి రాదని ఆ క్షణంలో నాకు రూఢి అయిపోయింది. చిన్నప్పటి నుంచి నా పక్కన కూర్చున్న మనిషి వెళ్ళిపోతోంది, నేను కొయ్యలా నిలబడ్డాను.

అప్పుడు నీళ్ళ దగ్గర్నుంచి ఒక చిన్న గొంతు, "అమ్మా! వస్తున్నా!" అని. ఆనెష్క గొంతు. ఆ పిల్ల గుట్ట వైపు నడవడం లేదు. రెండు శంఖాలు పలుకుతుంటే దగ్గరున్నదాని వైపు నడుస్తోంది. సముద్రంలోకి.

దొసీండా గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజు దాకా తెలియదు.

"అమారో! ఊదకు!"

బదులు ఇంకోసారి పలికింది, చాలా దగ్గర్లో.

"ఆపమంటున్నానా లేదా? పిల్ల నీ వైపు వస్తోంది! ఆపు!" మళ్ళీ అరిచింది, ఈసారి గొంతు చిట్లిపోతూ. "వెళ్ళిపో! నేను పిలవలేదు నిన్ను. పిలవను. ఇంక రాకు, వెళ్ళిపో!"

సముద్రం నుంచి ఇంకేమీ రాలేదు. అలల చప్పుడు తప్ప మరేదీ లేదు. గుట్ట మీద మిలెనా ఒక్కతే ఊదుతూ ఉంది, ఊపిరి తెగుతూ, మళ్ళీ అందుకుంటూ. ఆ చప్పుడు పట్టుకుని దొసీండా పిల్లను ఎత్తుకుని వాలు ఎక్కింది. నడుము దాకా తడిసిపోయింది. నన్ను దాటుకుని వెళ్తూ నా వైపు చూడలేదు.

పిల్ల చలికి వణుకుతూ ఏం చెప్పిందో తర్వాత మిలెనా నాకు చెప్పింది. నీళ్ళ మీద పడవ ఉందట. అందులో ఒకాయన ఇటు వీపు పెట్టి కూర్చుని ఊదుతున్నాడట. ఆయన ఇటు తిరగబోతుంటే అవ్వ వచ్చి తన కళ్ళు మూసేసిందట. దొసీండా మూసుకుందో లేదో పిల్లకు తెలియదు. నేను అడగలేదు.

ఆ రాత్రే రాదిమ్ కొండ దిగి వచ్చి, ఊరు విడిచి పోదామని అటక మీంచి పెట్టెలు దించాడు. అతన్ని తప్పుపట్టలేం. మర్నాడు మిలెనా పాకకు వచ్చి నా ముందు నిలబడింది. ముఖం వాచి ఉంది.

"మీ తలుపు కొట్టాను. లోపల ఉన్నారు, నాకు తెలుసు" అంది.

"ఉన్నాను" అన్నాను. "మళ్ళీ ఆ పిలుపు వినిపిస్తే మళ్ళీ గడియ వేస్తాను. ఇక్కడ బతకాలంటే నువ్వూ వేయాలి."

ఆమె నన్ను కొట్టేదేమో. దొసీండా మధ్యకు వచ్చింది. చేతిలో శంఖం. ఎప్పుడు తెచ్చుకుందో, శుభ్రంగా కడిగి తుడిచి ఉంది. మిలెనా చేతుల్లో పెట్టింది.

"ఇది ఇంక మీ ఇంటిది. లేమాలు లేరు" అంది. "మీ ఆయన కొండ మీంచి మంచులో దిగేటప్పుడు ఊదుకో. ఎవరూ తలుపులు వేసుకోరు. నేను చెబుతాను అందరికీ."

మిలెనా శంఖాన్ని ముట్టుకోవడానికి భయపడుతూనే పట్టుకుంది. "ఆయన మళ్ళీ వస్తే?"

"రావద్దని చెప్పానుగా."

ఆ మాటకు మిలెనా ఏమనుకుందో తెలియదు. తర్వాత పిల్లాణ్ణి వలల కుప్ప మీద పడుకోబెట్టి, ఎప్పటిలాగే కూర్చుంది. పెట్టెలు మళ్ళీ అటకెక్కాయి. ఆనెష్క ఇప్పుడు మా పిల్లల్లాగే మంచు వాసన పసిగడుతుంది, మా పిల్లల్లాగే తల్లికి ఎదురు చెబుతుంది.

పోయిన వారం మళ్ళీ పొగమంచు దిగింది. రాదిమ్ కొండ మీదున్నాడు. గుట్ట మీంచి ఆ పిలుపు వినిపించింది. పొడుగ్గా ఒకటి, తెగి, మళ్ళీ ఒకటి. నా చెయ్యి గడియ మీదికి పోయింది, అక్కడే ఆగింది. దొసీండా సూది ఆపి, తల ఒకవైపు వంచి, సముద్రం వైపు వింటూ కూర్చుంది. మిలెనా ఊదినంతసేపూ అలాగే ఉంది. ఏ బదులూ రాలేదు. కొండదారిలో రాదిమ్ బండి చప్పుడు వినిపించాక గుట్ట మీద శంఖం ఆగింది. దొసీండా ఇంకాసేపు విన్నది.

"చూశావా, చెప్పిన మాట వింటున్నాడు" అంది, వల ఒళ్ళోకి లాక్కుంటూ. "బతికుండగా ఒక్కనాడూ వినలేదు."